రోజుకో మిల్లీమీటరు

కత్తి జారడం నేను చూడలేదు.
కంకాల్ రేవులో నీళ్ళు బాగా వెనక్కి పోయి
బురద అద్దంలా మెరుస్తోంది. అటు చూశాను, అంతే.
క్రిస్మస్‌కి ముందు వారం, డజన్ల లెక్కన ఆర్డర్లు.
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆలిచిప్పలు తెరుస్తున్నాను,
కీలు దగ్గర మొన దూర్చి ఒక్క తిప్పు తిప్పితే
టక్కుమంటుంది.
ఆ ఒక్కటీ అనలేదు.

నెత్తురు కాదు నన్ను భయపెట్టింది.
ఎడమ బొటనవేలు.
బల్లమీద ఎవరో మరిచిపోయిన గ్లవ్‌లో వేలులా
నా చేతికే ఉంది, నాది కాదు.

రెన్న్ ఆసుపత్రిలో డాక్టర్ కెర్బ్రా
చాలా నెమ్మదిగా మాట్లాడుతుంది.
"నరమంటే ఒక తీగ కాదమ్మా, తీగల మోపు.
వెంట్రుక కన్నా సన్నని దారంతో పైతొడుగు కుట్టాను.
లోపలి దారులు వాటికవే వెతుక్కోవాలి.
కోత నుంచి వేలికొస దాకా ఉన్నది ముందు చచ్చిపోతుంది.
తర్వాత మొలుస్తుంది.
రోజుకో మిల్లీమీటరు."

వేళ్ళు మడిచి లెక్కేయబోయాను, అలవాటు కొద్దీ.
మధ్యవేలి కొసకి నూట డెబ్బై రోజులు.
మా ఊరి సముద్రం పూటకోసారి
మైళ్ళు పోయి మైళ్ళు తిరిగొస్తుంది,
దాని పక్కన పుట్టినదాన్ని, ఓపిక నాకెక్కడిది?

జనవరిలో ఒక సాయంత్రం
వంటింట్లో మాడు వాసన.
చేప అనుకున్నాను.
మూకుడు అంచున నా చూపుడువేలు ఉంది.

ఆలిచిప్పకి మెదడు లేదంటారు.
అయినా నీడ పడితే చాలు, మూసుకుంటుంది.
ఆ మాట తలుచుకుని ఆ రాత్రి
దానిమీద అసూయపడ్డాను, సిగ్గులేకుండా.

ఆదివారాలు చెల్లెలి కూతురు నోల్వెన్ వస్తుంది.
పెన్సిల్ వెనకవైపుతో మచ్చ దగ్గర మొదలుపెట్టి
అరచేతిలోకి తట్టుకుంటూ పోతుంది.
ఇక్కడ? లేదు. ఇక్కడ? లేదు.
ఒక చోట జివ్వుమని
లేని వేళ్ళలోకి చీమలబారు పరిగెడుతుంది.
నరం అంతవరకూ వచ్చిందన్నమాట.
అక్కడ నీలం సిరాతో చుక్క.
పోయినవారం చుక్కకీ ఈవారం చుక్కకీ మధ్య
ఒక బార్లీ గింజ పట్టదు.
పిల్ల మాత్రం కొత్త దీవి కనిపెట్టినట్టు
తేదీ రాసి పెడుతుంది.

ముందుగా వచ్చింది నొప్పి.
మార్చిలో, తెల్లవారుజామున, పిలవని చుట్టంలా
బొటనవేలి మొదట్లో వచ్చి కూర్చుంది.
పీట వేశాను దానికి.
ఏడ్చాను కూడా,
పక్కింటి గ్వెనోలే గోడ తట్టి ఏమైందని అడిగితే
బాగుందండీ, నొప్పిగా ఉంది అన్నాను.
ఆయన ఇంకోసారి అడగలేదు.

తర్వాత చలి వచ్చింది. తర్వాత చాలా రోజులు ఏమీ లేదు.

జూన్‌లో స్పర్శ.
కానీ మధ్యవేలు ముట్టుకుంటే
చూపుడువేలు పలుకుతోంది.
కొత్త టపా మనిషి ఒకరి ఉత్తరం
మరొకరి గుమ్మంలో వేసినట్టు.
డాక్టర్ నవ్వింది. దారులు కలిశాయి,
చిరునామాలు కలవలేదు, అంది.
ఇక మీ తలకే కొత్తగా నేర్పాలి
ఏ ఇల్లు ఎవరిదో.

అందుకే ఇప్పుడు రోజూ సాయంత్రం
కళ్ళకి గుడ్డ కట్టుకుని
నల్లగోధుమల గిన్నెలో చెయ్యి పెడతాను.
నోల్వెన్ అడుగున ఏదో దాస్తుంది:
తాళంచెవి, గుండీ, వాళ్ళమ్మ చెవిరింగు.
గింజలన్నీ ఒకటే ఇసకలా ఉంటాయి.
ఇవాళ ఒకటి దొరికింది. తిప్పి తిప్పి చూశాను,
చూశానంటే, వేళ్ళతో.
గుండీ, అన్నాను.
కాదు పెద్దమ్మా, ఆలిచిప్ప ముక్క.

ముప్ఫై ఒక్క ఏళ్ళు.
దాన్నే పోల్చుకోలేకపోయాను.

అయినా దానికొక అంచుంది.
ఆ అంచు తెలిసింది.
గుడ్డ విప్పకుండానే
ఇంకోటి దాచవే, అన్నాను.