పుత్తూరు కట్టు

నారాయణవనం మలుపులో నీళ్ల పైపుకని తవ్వతా
జేసీబీ పన్ను దించేసింది, సాయంత్రం నాలుక్కి.
ఇరవైనాలుగు పోగులు.
సగం పుత్తూరు ఫోన్లెత్తి ఆకాశం చూస్తా ఉంది.

చెంగల్రాయులన్న వ్యాను వెనక స్టూలేసుకుని
నన్ను గొడుగు పట్టమన్నాడు.
వాన లేదు.
"గాలికిరా. ఒక్క దుమ్ము రేణువు చాలు."

నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ
హాజరు పిలిచినట్టు పిలస్తాడు.
స్ట్రిప్పర్‌తో తోలు ఒలిచి
స్పిరిట్ కాగితంతో ఒక్క తుడుపు.
కీచుమనాలంట. కీచుమంటేనే శుభ్రం.
క్లీవర్‌లో తెగిన తుంపు, వెంట్రుక కన్నా సన్నం,
మాత్రల డబ్బాలో వేసి మూత బిగిస్తాడు.
"కాల్లో దిగితే ఏ డాక్టరుకీ కనపడదు."

తెర మీద రెండు మొండి కొనలు
ఎదురెదురుగా వచ్చి, ఆగి, తడుముకుని
ఒక చిన్న మెరుపు.
నష్టం పాయింట్ సున్నా రెండు.
ఏడో పోగుకి పాయింట్ మూడు.
"థూ" అని తెంపి మళ్లీ ఒలిచాడు.

అతుకు మీదికి గొట్టం జరిపి కాలుస్తా
"లోపల ఉక్కు పుల్ల చూసినావా?
మా తాత ఎముకలు కట్టే కాడ పసరు నూరేవాడు.
వెదురు దబ్బలు, గుడ్డు సొన, గుడ్డ... అదంతా ఎవురైనా చేస్తారంట.
కొనకి కొన నిలబెట్టేదే పని."

రాత్రి పదకొండు.
మోచేతికి కట్టు, సొన వాసన ఇంకా ఆరలేదు,
ఒకాయన ఎడం చేత్తో ఫోను ఊపతా వచ్చినాడు.
"వచ్చిందా అన్నా?"

అన్న తలెత్తలేదు.
ఇరవైమూడోది మెరవబోతా ఉంది.
"కదలాకు."

ఆయన్నో, నన్నో.
గొడుగు బిగించి పట్టుకున్నా.