తుంచుకున్న పేరు

ఇంటిపేరు అడిగితే 'నా' అంటుంది యాన్‌రూ.
నింగ్‌షియాలో, పసుపు నది కాలువ పక్కన
వాళ్ళ ఊరు సగం 'నా' వాళ్ళే.
గుర్తింపు కార్డులో, జాతి దగ్గర: హుయ్.
ఆ అక్షరానికి తిరిగిరావడమనీ అర్థం ఉంది.
ఎక్కడికో కార్డు చెప్పదు.

నూనె కాగేలోపు అవ్వ చెప్పేది:
ఒంటె మీద వచ్చాడట మూలపురుషుడు.
అంత పొడుగు పేరు గుమాస్తా గడిలో పట్టలేదట.
నలుగురు కొడుకులు దాన్నే
రొట్టె తుంచినట్టు తుంచుకున్నారు.
నా, సు, లా, దింగ్.
"మనకి మొదటి ముక్క.
ఒంటె ఎవరికి పోయిందో మాత్రం ఎవడూ చెప్పడు."

తాత పోయిన రోజున ఏటా యౌషియాంగ్ వేసేది.
ముందు స్నానం, దూలానికి వేలాడే కుండ కింద.
నీళ్ళు నిలవుండకూడదు, ఒంటి మీంచి పారిపోవాలి.
పొంగిన రొట్టెని ఎవరైనా కొరికితే
చేతి మీద ఒక్కటి వేసేది: తుంచు!
సగం పక్కింటికి,
ఆ పక్కింట్లో బౌద్ధులున్నా సరే.

అవ్వ బడికి పోలేదు.
ఆడవాళ్ళ మసీదులో నేర్చిన అరబ్బీ అక్షరాల్లోనే
తన చీనా మాటలు రాసుకుంది,
కుడి నుంచి ఎడమకి, బొగ్గుల లెక్కల పుస్తకంలో.

ఆ పుస్తకం ఇప్పుడు యీవూలో,
యాన్‌రూ నూడుల్స్ కొట్టులో, గల్లాపెట్టె అడుగున.
గుండీలు కొనడానికొచ్చిన యెమెన్ వ్యాపారి బావజీర్‌కి
ఓ వానరోజు చూపించింది.
"అక్షరాలు మావే, మాట ఒక్కటీ కాదు" అని
కళ్ళజోడు తుడుచుకుని
ఒకటో తరగతి పిల్లాడిలా కూడబలుక్కున్నాడు.

యాన్‌రూకి అక్షరం రాదు.
మాటలన్నీ తెలుసు.

'పిండి రాత్రే కలుపు.
చలికాలమైతే పొయ్యి పక్కన, దుప్పటి కప్పి.
నూనెలో వేశాక అరవకు.
చంటిదానికి మాడిన అంచు ఇష్టం,
ఒకటి ఆలస్యంగా తియ్యి.'

పరాయి గొంతులో, సరిగా పలకని యాసలో
అవ్వ ఇంట్లోకి వచ్చి కూచుంది.
బావజీర్‌కి ఏమీ అర్థం కాలేదు.
ఆమె ముఖం చూసి చదవడం ఆపాడు,
మళ్ళీ, ఆపకూడదని తోచి, చదివాడు.

లోపల చారు పొంగి పొయ్యి ఆరింది.
ఎవరూ లేవలేదు.

"ఎవరు రాశారిది?"
"నా" అంది.
ఇంటిపేరే చెప్పాననుకుంది.