బకెట్లో నీళ్ళు

బుధవారం రెండున్నర ఆట.
బర్స్‌లెమ్‌లో వాన. హాల్లో ఏడుగురు.
టికెట్లు చింపేదీ నేనే, పాప్‌కార్న్ ఊడ్చేదీ నేనే,
బొమ్మ మసకబారితే పైకి పరుగెత్తేదీ నేనే.

బాక్సింగ్ సినిమా పడితే చాలు
టనిక్లిఫ్ వస్తాడు.
ఎనభై రెండేళ్ళు, ఊతకర్ర, కుడివైపు చివరి సీటు.
నన్ను ‘డక్’ అంటాడు, ఈ ఊళ్ళో అందరూ అందర్నీ అన్నట్టే.
మొదటిసారి విని
ఏదో మీదికొస్తోందనుకుని తల వంచాను.

ముప్పై ఏళ్ళు పగలంతా పింగాణీ బట్టీ,
రాత్రుళ్ళు రింగు మూల.
తెగిన కనుబొమని ఒక్క నిమిషంలో మూసేవాడట,
టీకప్పుకి పిడి అతికించినంత నెమ్మదిగా,
అంత తొందరగా.

మంచి బాక్సింగ్ సినిమా అంటే ఏది, అని అడిగాను.
పేరు చెప్పలేదు.
‘ముందు గుద్దు చప్పుడు విను’ అన్నాడు.
నాకది ఇన్నాళ్ళూ కొబ్బరికాయ కొట్టినట్టే వినిపించేది.
‘కాదు. తడి మట్టిముద్దని బల్లకేసి కొట్టినట్టుంటుంది.
ఈ ఊళ్ళో చెవిటివాడిక్కూడా తెలుసు ఆ చప్పుడు.’

ఇంకో బుధవారం, కోటు తొడుక్కుంటూ:
‘తెల్లారగట్ల పరుగు అందరూ తీస్తారు.
బరువు తూచే ముందురాత్రి
నాలిక పిడచగట్టుకుపోయి
కుళాయి చుక్క పడుతుంటే మొహం తిప్పుకున్నవాణ్ణి
ఎవడు తీశాడు?’

మరోసారి, ఏదో అడిగితే ఇంకేదో:
‘ఎదుటివాడు కూడా ఇంట్లో అన్నం తినే వచ్చుంటాడు.
వాణ్ణి రాక్షసుణ్ణి చేస్తే నేనుండను.’
అన్నం అన్నది నేనే. ఆయన ఆలుగడ్డలన్నాడు.

ఎంత బాగున్నా ఆఖరి రౌండుకి ముందే లేచిపోతాడు.
చీకట్లో సీటు టప్పుమంటుంది.
‘ఎవడు గెలిచాడో పేపర్లో వస్తుందిగా.’

మావైపు ఓ మాటుందని చెప్పాను:
ఓడినవాడు కోర్టులో ఏడిస్తే
గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడని.
నవ్వుతాడనుకున్నాను.
‘మరి మూలలో నిలబడ్డవాడు?’ అన్నాడు.

బస్టాపులో, వానలో, అడక్కుండానే చెప్పాడు.
నవంబరు. హాన్లీలో ఓ డాన్సు హాలు.
కుర్రాడి పేరు బ్యాగ్నల్, పందొమ్మిదేళ్ళు.
ఏడో రౌండుకి ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది.
‘ఇంకొక్కటి’ అన్నాడు వాడు, పళ్ళకట్టు నోట్లోనే పెట్టుకుని.
‘తువ్వాలు నా భుజం మీదే ఉంది, డక్.
మా ఆవిడ ఉతికిన తెల్ల తువ్వాలు.
రింగులోకి విసిరెయ్యాల్సింది.
దాంతో వాడి మొహం తుడిచాను.’

బస్సొచ్చింది.
తర్వాతేమైందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

అప్పట్నించీ నేను గ్లవ్స్ చూడ్డం మానేశాను.
హాలంతా పిడికిళ్ళ వెంట తలలు తిప్పుతుంటే
తాళ్ళ అవతల, సగం చీకట్లో,
మూల మనిషి చేతులు చూస్తాను.
ఎక్కువగా అవి చప్పట్లు కొడుతుంటాయి.
లేదా గాల్లో వేలు చూపిస్తుంటాయి.
తువ్వాలు చెంగుని వేళ్ళకి చుట్టుకుని విప్పుకుని
మళ్ళీ చుట్టుకునే చెయ్యి
ఒక్కటంటే ఒక్కటి
ఇంకా కనబడలేదు.

పోయిన నెల ఓ సినిమా వచ్చింది.
కథ చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు,
హీరో పళ్ళు మరీ తెల్లన,
ఇంటర్వెల్ లేకపోయినా ఇద్దరు మధ్యలో లేచిపోయారు.
ఆఖరి రౌండు గంట మోగింది.
సీటు చప్పుడు కోసం చూశాను.
రాలేదు.
హీరో గెలిచాడు, ఎవరో ఎవర్నో ఎత్తుకున్నారు,
వ్యాన్లు నడిపినవాళ్ళ పేర్లు, వంటవాళ్ళ పేర్లు
కింది నుంచి పైకి పోయాయి.
లైట్లు వేశాను. ఆయన అక్కడే ఉన్నాడు.

చీపురు పట్టుకుని అడిగాను, బాగుందా అని.
‘చెత్త’ అన్నాడు, కర్ర కోసం సీటు కింద తడుముతూ.
‘బకెట్ చూశావా?
రౌండు రౌండుకీ నీళ్ళ రంగు మారింది.
ముందు తేట, తర్వాత పలచటి టీ,
ఆఖరికి అడుగు కనబడలేదు.
ఎవడో కూర్చుని
ఓపిగ్గా కలిపాడు ఆ నీళ్ళు.’

తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.
రేపు ఆట ఎన్నింటికి అన్నాడు.