ముప్పై ఏడో నంబరు

బెడ్మిన్‌స్టర్‌లో ఈస్ట్ స్ట్రీట్ పొడుగునా
ఎండిన పొగాకు తీపి వాసన.
మా జుట్టుకీ అదే. ఆదివారం చర్చిలో
పక్క బల్ల వాళ్ళు ముక్కెగరేసి
"ఫ్యాక్టరీ పిల్ల" అనేవాళ్ళు,
తిట్టూ కాదు, మెప్పూ కాదు.

నా పని పక్షుల్ని పెట్టెల్లో పెట్టడం.
పది సిగరెట్లకి ఒక పిట్ట.
మొదట్లో అది ఒట్టి అట్టముక్కేనట,
సిగరెట్లు నలక్కుండా వెన్నుదన్ను.
ఖాళీ అట్ట చూసి ఎవరికో చెయ్యి దురద పుట్టింది.
ముందు బొమ్మ, వెనక నాలుగు ముక్కల చదువు,
అడుగున కంపెనీ పేరు.
బొమ్మ గీసినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు.
మా వీధిలో గోడకి పటం వేలాడే ఇల్లు లేదు గానీ
ప్రతి కుర్రాడి జేబులోనూ ఓ చిత్రశాల.

తమ్ముడు సిరిల్‌కి నలభై తొమ్మిది దొరికాయి.
దొరకనిది ముప్పై ఏడు, లకుముకి పిట్ట.
పబ్బు గుమ్మంలో, చలికి ముక్కు కారుతూ,
వచ్చేపోయే ప్రతివాణ్ణీ
"కార్డుందా అయ్యా, కార్డుందా?"
నా చేతుల్లోంచి రోజూ ఎన్ని లకుముకులు ఎగిరిపోయేవో!
సాయంత్రం గేటు దగ్గర మిసెస్ టకెట్
మేజోళ్ళు కూడా తడిమి చూసేది.
వడ్డించేది అక్కే అయినా
కడబంతిలో కూడా వాడికి చోటు లేదు.

నాన్న బొగ్గు మోసేవాడు. రోజుకో పెట్టె మనిషి,
వాడి కోసం రెండోది మొదలుపెట్టాడు.
"పిట్ట కోసంలే" అని అమ్మకి చెప్పి,
దగ్గి, నవ్వి, మళ్ళీ దగ్గి.
పిచ్చుక వచ్చింది. మళ్ళీ పిచ్చుక. గుడ్లగూబ.
మూడో పిచ్చుక.

ఫిబ్రవరిలో ఆసుపత్రి వాళ్ళు కోటు తెచ్చిచ్చారు.
లోపలి జేబులో విప్పని పెట్టె.
సిరిల్ దాన్ని బల్ల మీద పెట్టి
మూడు రోజులు చుట్టూ తిరిగాడు.
నాలుగో రోజు చించాడు.

పిచ్చుక.

ఏడవలేదు. వీధిలోకి పోయి
గోడకేసి విసిరే ఆటలో దాన్ని పోగొట్టుకొచ్చాడు,
కావాలనే అనుకుంటా. సిగరెట్లు పదీ
అమ్మ పక్కింటాయనకి ఇచ్చేసింది.

సోమవారం నా కట్టలో పైదే ముప్పై ఏడు.
ఒక్క క్షణం నా చెయ్యి ఆగింది. బెల్టు ఆగలేదు.
పెట్టెలో దోపి మూత వేశాను.
ఏ పిల్లాడి నాన్న కొన్నాడో.

చాలా ఏళ్ళకి, మలాగో వాగులో
పాత టైరు అంచున కూర్చునుందొకటి, నిజంది.
బొమ్మలో ఉన్నంత నీలం లేదు.
నాకెందుకో ఒళ్ళు మండింది.
చప్పట్లు కొట్టి తోలేశాను.