నల్లరంగు, నాలుగు బిందెలు

ఆదోని బస్సులో ఒక పిల్లగాడు
"అవ్వా, ఎమ్మిగనూరుకు ఒకటి" అన్నాడు.
టికెట్టు కొట్టిచ్చినా.
చిల్లర సరిగ్గానే ఇచ్చినా.
కోటేకల్లు దాటినా ఆ మాట
ఎవరూ తీసుకోని పదిరూపాయల బిళ్ల మాదిరి
సంచి అడుగున గలగలమంటానే ఉండె.

శనివారం రాత్రి ఇరవై రూపాయల పొట్లం.
వెనక అక్షరాలు చీమతలకాయలంత,
నా అద్దాలేమో డిపోలో మరిచిపోయినా.
పదైదు నిమిషాలని ఉండెనో, యాభై అని ఉండెనో,
పప్పు ఉడికేదాకా ఉంచుకున్నా.
పోయిన వారం పెట్టిన గోరింటాకు సంగతి
తలకు గుర్తుంది, నాకు లేదు.

తెల్లారి అద్దంలో
కుదుళ్లు కనకాంబరం,
నడుమ గడ్డిపచ్చ,
కొనలు కొత్తగా పోసిన తారు.
నుదుటి చుట్టూ నల్ల కట్టు.
దిండు గలీబు మీద నా తల మొత్తం
ఫోటో దిగినట్టు దిగింది.
మా ఆయన నవ్వలేదు.
నవ్వకుండా ఉండేదానికి గోడ తిక్కు తిరిగి
క్యాలెండరులో ఏప్రిల్ నెలంతా చదివినాడు,
రాహుకాలాలతో సహా.

కడగాలంటే నీళ్లు.
కొళాయి మూడు దినాలకొకసారి,
మళ్లా వచ్చేది మంగళవారం.
ఇంట్లో నాలుగు బిందెలు,
తాగేదానికి కలుపుకొని.

పక్కింటి ఉరుకుందమ్మ గోడమీదనుంచి చూసింది.
సొసైటీ రంగుల షెడ్డులో
ముప్పై ఏండ్లు నూలు ముంచిన చేతులు.
గోళ్ల మొదట్లో ఇప్పటికీ నీలం.
తన తల మాత్రం ఒలిచిన తెల్లగడ్డ.

నా చేతిలో రెండో పొట్లం ఉండె.
లాక్కొని రవికెలో దోపుకుంది.
"రంగును రంగుతో కొడతావామ్మే?
లడి తప్పు రంగు తాగితే
మేము మళ్లా ముంచేవాళ్లం కాదు.
ఆరబెట్టి, చేత్తో పట్టుకొని చూసేవాళ్లం,
ఏం తాగిందో, ఎంత తాగిందో.
కూర్చో."

బుడ్డల నూనె, గోరువెచ్చగా.
పాయ పాయకూ పూసింది,
కనకాంబరం మీద తక్కువ, తారు మీద ఎక్కువ.
ఉడుకునీళ్లలో పిండిన తువ్వాలు చుట్టింది.
దానికి ఒక చెంబే ఖర్చు.
ఆ రెండు గంటల్లో
షెడ్డు ఎట్ల మూతపడిందో చెప్పింది,
మోకాలు ఏ మెట్టు మీద పట్టేస్తుందో చెప్పింది,
ఒకసారి పెండ్లిచీరల నూలు
గచ్చకాయ రంగుకు తిరుగుకుంటే
మేస్త్రీకి తెలియకుండా రాత్రంతా ఉడికించి
ఇటుకరంగుకు తెచ్చిన కత చెప్పింది.
"ఆ చీరలే ముందు అమ్ముడుపోయె" అంది,
ఇప్పటికీ నమ్మలేనట్టు.

కుంకుడుకాయ నురుగు.
మొదటి బిందె నల్లగా పోయింది.
రెండోది పాచి.
మూడోది టీ మాదిరి.
నాలుగోది ముట్టనియ్యలేదు.
వాళ్లింటికి పోయి సగం బిందె తెచ్చింది,
మంగళవారం దాకా తాను దాచుకున్నదాంట్లోనుంచి.
దాంట్లో టీపొడి డికాషన్, ఇంత ఉసిరిపొడి.
నుదుటికి నిమ్మచెక్క, ఉప్పు.
అబ్బా, మంట.

నల్లగా ఏమీ కాలేదు.
కాల్చిన బుడ్డల పొట్టు రంగుకు దిగింది,
అక్కడక్కడ తెలుపు
తన సీటు వదలకుండా కూర్చోనుండాది.
చెవి వెనక పచ్చ ఇంకా పోలేదు.
"దానికి తొందర లేదులే" అంది.

ఎవరికీ చెప్పొద్దనుకున్నా.
మా ఇంటి ముందరి కాలవ ఆ పని చేసేసింది.
మస్తానమ్మ వాకిట్లో నల్లగా,
పిండిమర దగ్గర పచ్చగా,
రేషను షాపు ముందు ఎర్రగా
వీధి కొస దాకా నడుచుకుంటా పోయి
అందరికీ నా వయసు చెప్పొచ్చింది.

సోమవారం మొదటి ట్రిప్పు.
"అక్కా, ఆదోనికి రెండు" అన్నాడొక మీసాలాయన.
ఆయన వెనకోడు "అవ్వా" అన్నాడు.
ఇద్దరికీ చిల్లర ఇచ్చినా.

పొట్లం ఇంకా ఉరుకుందమ్మ దగ్గరే ఉంది.
అడగలేదు.
రేపు కొళాయి వస్తే
నా బిందెలకంటే ముందు
ఆమెకు సగం బిందె బాకీ.