రెండో హారన్ కాగితం

హారన్ అంటే లారీది కాదు.
కందుకూరులో ముప్పయ్యేళ్లు చెప్పీ చెప్పీ
చెప్పడం మానేశాను.
చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు పట్టుకునే ఇత్తడి,
మూడు మీటలు, ఒక సొట్ట.
సింగరాయకొండ స్టేషన్లో
ఖాశింపీరా జారవిడిచిన రోజుది ఆ సొట్ట.

పాట నాకెప్పుడూ లేదు.
పాట కార్నెట్‌ది.
క్లారినెట్లు దాని మీద ముగ్గులేస్తాయి.
బాసు ‘ఉం’ అంటుంది, నేను ‘పా’ అంటాను.
నేల తాకే అడుగు బాసుది.
నేలకీ నేలకీ మధ్య
కాలు గాల్లో ఉన్నంతసేపు నాది.
పెళ్లిలో ఎవరూ దాన్ని వినరు.
నేను ఆపితే మాత్రం
ముందు నడిచే మేనమామ తడబడతాడు,
చెప్పు చూసుకుంటాడు.

ఆ మార్చ్ పుస్తకాలు అరచేతంత.
ఏనాడో మిషను బడి దొరలు ఓడ మీద తెచ్చినవంట.
అట్ట మీద అమెరికాలో ఏదో ఊరి పేరు,
చెదలు తినగా చివరి ‘విల్’ మిగిలింది.
ఆ ఊళ్లోనూ వాయించింది మనబోటివాళ్లేనంట:
మంగలి, కమ్మరి, పాలబండి తోలేవాడు,
ఆదివారం సాయంత్రం
ఇత్తడి బొత్తాల కోటు తొడుక్కుని.
హబక్కూకు మేస్త్రి చెప్పేవాడు, చూసొచ్చినట్టే.
ఆయన ఒంగోలు దాటి ఎరగడు.

మార్చ్ అంటే ఇల్లురా, అనేవాడు.
గడప నాలుగు బారులు.
ముందుగది రెండుసార్లు, నడవ రెండుసార్లు.
అప్పుడు ట్రియో.
‘ఇక్కడ గొంతు తగ్గించాల. ఒక ఫ్లాటు ఎక్కువ.
చెప్పులిప్పి లోపలికి అడుగేసినట్టుండాల.’
ఆ తర్వాత ట్రాంబోన్లూ కార్నెట్లూ కొట్లాడుకుంటాయి,
పంపు కాడ బిందెల తగువు.
ఆ తగువులోంచి మళ్లీ అదే ట్రియో పాట,
ఈసారి గొంతెత్తి,
మాలకొండయ్య డ్రమ్ము మీద పడి బాదుతుంటే
పొగాకు బ్యారన్ల రేకులు అదిరేట్టు.

తుపాను ఏడు మా బ్యాండు గదిలోకి మోకాటి లోతు నీళ్లు.
ట్రంకుపెట్టెలో కాగితాలన్నీ గంజి ముద్ద.
నాది బతికింది,
కోటు జేబులో మరిచిపోబట్టి.
మేస్త్రి నవ్వాడు.
‘పాట నా బుర్రలో ఉందిలేరా.’

మొన్న ఫిబ్రవరిలో ఆ బుర్ర వెళ్లిపోయింది.
సమాధుల దాకా మార్చ్ వాయిద్దామని నిలబడ్డాం,
నలుగురం.
కార్నెట్ పిల్లాడికి సినిమా పాటలే వచ్చు.
ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.
నేను కాగితం తీసి హారన్ క్లిప్పుకి తగిలించాను.
పా. పా. పా. పా.
మాలకొండయ్య కింద ‘ఉం’ వేశాడు.
గుంజలు నిలబడి కప్పు లేని పాక.
జనం నడిచారు. సరిగ్గానే నడిచారు.
ఎవరికీ ఏమీ తక్కువనిపించలా.
అదే నన్ను ఎక్కువ కోసింది.

ఇప్పుడు రాత్రిళ్లు
నా ‘పా’లు చాప మీద పరిచి
వాటి పైన పాట ఎటు పోయి ఉంటుందా అని తడుముతాను.
ఇక్కడ నా స్వరం ఒక మెట్టు దిగింది,
అయితే అది ఎక్కి ఉండాల,
ఎక్కి, కాసేపు నిలబడి ఉండాల.
ఈల వేసి చూస్తాను.
రూతమ్మ చేటలో బియ్యం ఆపి
‘అది కాదు’ అంటుంది.
మరి ఏది?
తనకీ తెలీదు.
ఈ ఇంట్లో ఇన్నేళ్లూ తను విన్నది
నా సగమే కదా.

నిన్న దీపం దగ్గరగా పెట్టుకుని చూశాను.
ట్రియోకి ముందు నాకు నాలుగు బారులు విరామం.
ఆ ఖాళీ మీద పెన్సిలుతో,
సన్నగా, మేస్త్రి చేతిరాత:
‘ఇక్కడ నన్ను చూడు.’

ఒకటి రెండు, రెండు రెండు, మూడు రెండు
అని లెక్కపెట్టుకుంటూ పోయానే గాని
ముప్పయ్యేళ్లలో
ఒక్కసారైనా తలెత్తానో లేదో
గుర్తు రావటం లేదు.