రెండో చరణం ముందు

మద్రాసు విమానం ఆలస్యమైన రోజు
ఆమె వచ్చేదాకా జాగ నింపమని
పద్మారావునగర్ స్టూడియోకు పిలిచిండ్రు నన్ను.
నూటయాభై రూపాయలు, ఆటో కిరాయి వేరు.

దామోదరం సారు అద్దం అవతల, నేను ఇవతల.
మొఖం సుత సక్కగ కనవడలే.
ఇద్దరం కలిసి వెన్నెల మీద ప్రమాణం చేసినం.
రెండో చరణం ముందు దమ్ము చాలక
గుటుక్కున గాలి మింగిన.
"ఎట్లయినా చెరిపేసేదే గదమ్మా" అన్నడు ఇంజినీరు.

తెల్లారి ఆమె వచ్చింది. బంగారు గొంతు.
నా మాటలన్నిటి మీద తన మాటలు పరిచింది.
ఆ గాలి ఒక్కటి ఎట్లనో మిగిలిపోయింది.

క్యాసెట్ మీద రెండే పేర్లు.
సుల్తాన్ బజార్ల కొని
ఆ ఒక్క క్షణం కోసం
పెన్సిల్‌తోని టేపు ఎన్నిసార్లు ఎనకకు తిప్పిన్నో.

బ్యాండుల గౌస్ భాయి
క్లారినెట్ మీద ఆమె వంతు ఊదేటోడు.
సరిగ్గ ఆడికొచ్చి ఆగేటోడు.
బరాత్ గుర్రం సుత ఆగినట్టుండేది.

రీమిక్సోళ్ళు వేగం పెంచిండ్రు,
వెన్నెల పీకి రంగుల లైట్లు పెట్టిండ్రు.
ఆ గాలిని మాత్రం కత్తిరించి
నాలుగుసార్లు కొట్టిండ్రు, దరువు లెక్క.

మొన్న మెట్రోల, అమీర్‌పేట దాటినంక,
చెవులల్ల తీగలు పెట్టుకున్న పిల్ల
సన్నగ పాడుతున్నది. మగగొంతు ఆమెకే వినవడ్తున్నది.
రెండో చరణం ముందు గుటుక్కున మింగింది.

"ఆయాసమా బిడ్డా?"

"కాదాంటీ, పాటల్నే అట్లుంటది."

ఖైరతాబాద్‌ల దిగాల్సిన దాన్ని,
నాంపల్లి దాకా పోయిన.